బూడిదలో ఉత్ప్రేరకం
థర్మల్ విద్యుత్ కేంద్రాల ఫ్లైయాష్‌లో అధిక భాగం సిలికా, అల్యూమినా. సూక్ష్మరంధ్రాలుండే స్ఫటికాలైన జియోలైట్ల నిర్మాణానికి కావలసిన ముడిసరుకూ ఇవే. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం కేంద్రాల బూడిద నేడు ఎక్కువగా సిమెంటుకూ ఇటుకలకూ పోతోంది. దాన్ని జియోలైట్‌గా మార్చే, అంతకంటే విలువైన దారి 1985 నుంచీ శాస్త్రలోకానికి తెలుసు.

పద్ధతి వినడానికి సులువే. బూడిదను కాస్టిక్ సోడా ద్రావణంలో వంద డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో గంటల తరబడి ఉడికిస్తే, అందులోని గాజు భాగం కరిగి, జియోలైట్ స్ఫటికాలుగా మళ్లీ పేరుకుంటుంది. చిక్కు బూడిదలోని క్వార్ట్జ్, ముల్లైట్ ఖనిజాలతోనే. అవి అంత తేలిగ్గా కరగవు. అందుకే బూడిదను ముందుగా సోడాతో కలిపి సుమారు 550 డిగ్రీల వద్ద కరిగించే పద్ధతి వచ్చింది. దిగుబడి పెరుగుతుంది, ఇంధన ఖర్చూ పెరుగుతుంది.

ఇలా వచ్చిన సోడియం జియోలైట్ నీటి శుద్ధికి పనికొస్తుంది. నూనెల నుంచి బయోడీజిల్ తయారీలో క్షార ఉత్ప్రేరకంగానూ వాడవచ్చు. పెట్రోలియం శుద్ధికి కావలసిన ఆమ్ల గుణం రావాలంటే మాత్రం సోడియం స్థానంలో అమ్మోనియం అయాన్లను చేర్చి వేడిచేయాలి. బూడిదలోని ఇనుము, కాల్షియం ఇక్కడ అడ్డుపడతాయి. బొగ్గు మారితే బూడిద కూర్పూ మారుతుంది. రిఫైనరీలు శుద్ధ రసాయనాలనే నమ్ముకోవడంలో వింత లేదు.

రైస్ మిల్లుల ఊక బూడిదది మెరుగైన స్థితి. దాదాపు తొంభై శాతం సిలికాయే గనుక, జడ్‌ఎస్‌ఎం-5 వంటి జియోలైట్లకు అది తగినది. మిగిలిపోయే క్షార ద్రావణాన్ని తిరిగి వాడకపోతే మాత్రం ఒక వ్యర్థం పోయి మరొకటి వస్తుంది.