ఇంటిమాటలు: నలుగురు వచ్చిన బతుకమ్మ

బొట్టుపెట్టి పిలిచిన పేరంటమునకు పదిమంది రాకున్నచో గృహిణి మనస్సు ఎంత చిన్నబోవునో మన సోదరీమణులకు వేరుగా చెప్పనక్కరలేదు. తాంబూలములు పళ్ళెములో మిగిలిపోవును. నానబెట్టిన సెనగలు మరునాడు ఇంటివారే తినవలసివచ్చును. అట్టి చిన్నబోయిన ముఖము నొకదానిని మేము ఇటీవల మా యింటనే చూచితిమి. పిలిచినది పందొమ్మిదేండ్ల పిల్ల. పిలిచిన చోటు మాత్రము ఏ యింటి చావడియు కాదు, ఫోనులోని యొక ఆట.

మేముండునది బోరబండలో. మా స్టేషనులో లింగంపల్లి వైపు పోవు ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలెక్కినచో తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. అచ్చటి అద్దపు మేడలలో పనిచేయు పిల్లలును, ఆ పిల్లలను కార్లలో చేరవేయు డ్రైవర్లును, వారి యిండ్లలో వంటచేయు స్త్రీలును మా వీధిలో ఇరుగుపొరుగుగా కాపురమున్నారు. మావారు బడిపంతులు. మా ఆడబిడ్డ కుమార్తె జనగామ నుండి వచ్చి, మా యింట నుండి డిగ్రీ చదువుచున్నది.

ఆ పిల్ల ఆడు ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడను దేశమున మార్కస్ పెర్సన్ అనునతడు కల్పింపగా 2011లో పూర్తిరూపమున వెలువడినది. 2014లో మైక్రోసాఫ్ట్ వారు దానిని 250 కోట్ల డాలర్లకు కొనిరి. (ఆ కంపెనీవారి పెద్ద కార్యాలయము గచ్చిబౌలిలో కలదు గనుక, ఆట యజమానులు మాకు పొరుగువారే యని మా పిల్ల పరిహాసము.) అందులో లోకమంతయు చదరపు దిమ్మెలే. మన్ను త్రవ్వవచ్చును, చెట్టు కొట్టవచ్చును, ఇల్లు కట్టవచ్చును. పగలు పది నిమిషములు. పిదప చీకటి పడును, రాక్షసులు వెడలుదురు. కలిసి ఆడువారందరును మంచములపై పరుండినగాని ఆ రాత్రి త్వరగా గడవదు. ఒక్కరు మేలుకొని నిలుచున్నను చీకటి అందరికిని నిలిచియే యుండును.

2025 సెప్టెంబరులో, పండుగకు వారము ముందు, ఈ పిల్ల ఆ లోకములో ఒక చెరువు గట్టున పెద్ద బతుకమ్మను పేర్వ తలపెట్టినది. ఆటలో తంగేడు లేదు, గునుగు లేదు. పొద్దుతిరుగుడు పూవులు, పదునారు రంగుల ఉన్ని దిమ్మెలు మాత్రము కలవు. వానితోడనే వరుసలు కూర్పవలెను. ఆడపిల్లలు మాత్రమే రావలెనని నియమము. ఏలయన, మా పిల్ల అంతకుముందు వేరొక ఆటలో మగపేరు పెట్టుకొని యాడెడిది. ఆడుగొంతు వినినంతనే కొందరు పలుకు పలుకులు మన పత్రికలో వ్రాయదగినవి కావు. ఇచ్చట మాత్రము తన పేరుతోనే పిలిచినది. డిస్కార్డ్ అను కూటమిలో ప్రకటన వేయగా, ఇరువదియారుగురు వచ్చెదమని గురుతు నొక్కిరి. నెలకింతయని రుసుము కట్టి తీసికొన్న ఆ చోటున యజమానురాలు గాక ఒకేసారి పదిమందియే యుండవచ్చునట. తొక్కిసలాట కలుగునేమోయని ఇరువదియారుగురిని మూడు వంతులుగా విభజించి, ఎవరెప్పుడు రావలెనో కాగితముపై వ్రాసికొన్నది. ఆ కాగితము ఇప్పటికిని మా వద్ద నున్నది.

ఆదివారము రాత్రి ఎనిమిదిన్నర. వచ్చినవారు ముగ్గురు. మా పిల్లతో నలుగురు.

ఇక మా తప్పు చెప్పుకొందుము. ఆ సమయమున మేము వంటింటిలో నుంటిమి. భోజనము లయినవి, అంట్లు పడియున్నవి. ఫోను చేతబట్టి కూర్చున్న పిల్లను చూచి మాకు ఒళ్ళు మండినది. ఒకసారి పిలిచితిమి, రెండుసార్లు పిలిచితిమి. మూడవసారి గొంతు హెచ్చించితిమి. పిల్ల మారుపలుకక ఫోను గూటిలో పెట్టి వచ్చి గిన్నెలు కడిగినది. ఆ పదినిమిషములు ఆటలో ఆమె బొమ్మ బతుకమ్మ ప్రక్కన కదలక నిలిచియుండెను. తక్కిన ముగ్గురును మంచములపై పరుండిరి, కాని పిలిచిన పిల్ల పరుండలేదు గనుక తెల్లవారలేదు. చీకటిలో క్రీపర్ అను పచ్చని భూత మొకటి వచ్చి ఆమె ప్రక్కనే ప్రేలెను. పై నాలుగు వరుసలు ఎగిరిపోయినవి. ఆ ముగ్గురును మెల్లగా సెలవు తీసికొనిరి. ఇదంతయు మాకు మరునాడు తెలిసినది. ఆ రాత్రి తెలిసినది ఒకటే: పిల్ల కంచము ముట్టలేదు.

“ఎవరూ రాలేదు అత్తా. నా పేరుతో పిలిస్తే ఎవరు వస్తారు? మళ్ళీ పిలవను,” అన్నది.

ఎవరియింట వారు కూర్చుండియే ఆడు ఆటకు వచ్చుట యేమి, రాకుండుట యేమి యని మేము మొదట తేలికగా ననుకొంటిమి. అట్టి తలపు గలవారికి నార్వే దేశపు మాట యొకటి వినిపించెదము. మా పిల్ల మాకు వినిపించినదే. మాట్స్ స్టీన్ అను యువకుడు కండరములు క్షీణించు వ్యాధిచే చక్రముల కుర్చీకి పరిమితుడై, 2014 నవంబరులో తన 25వ యేట మరణించెను. కుమారునకు స్నేహితులు లేరు, ఏకాకిగా బ్రతికి పోయినాడని తల్లిదండ్రులు కుమిలిరి. అతడు వ్రాసికొను పుటలోనే తండ్రి మరణవార్త తెలిపెను. అంతట ఎన్నడును పేరు వినని దేశదేశముల వారినుండి ఉత్తరములు వెల్లువగా వచ్చినవి. వారందరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో ఇబెలిన్ అను పేరుగల ఆ కుమారుని కష్టసుఖములకు పాత్రులైనవారు. కొందరు పరదేశములనుండి వచ్చి శవపేటిక వెంట నిలిచిరి. నేటికిని ఏటేట ఆ ఆటలో గుమికూడి అతనిని తలచుకొందురట. 2024లో అతని జీవితమును గూర్చి చలనచిత్రము కూడ వచ్చినది. మేమా కథ విని, ముందురాత్రి కడిగించిన గిన్నెలవంక చూడలేకపోతిమి.

మావారు సంగతి విని, “బడిలో హాజరు పిలుచునప్పుడు లేనివాని పేరును కూడ పిలుతుము గదా. రాలేదని గీత గీసి ఊరకుందుమా? ఏల రాలేదో అడుగుదుము. నీవు అడిగితివా?” అని పిల్లను ప్రశ్నించిరి. అడుగలేదు. అడుగుటకు అభిమానము అడ్డువచ్చినది.

మాకు భారతమున రాజసూయఘట్టము జ్ఞప్తికి వచ్చినది. నానాదేశపు రాజులకు దూతలు పోయిరి. హస్తినాపురమునకు మాత్రము ధర్మరాజు నకులుని పంపెను. భీష్మద్రోణులను, ధృతరాష్ట్రుని స్వయముగా పిలుచుటకు దూతలు చాలరు. మన యింటి పెండ్లికిని అంతే గదా. వాట్సాప్‌లో పత్రిక పంపి ఊరకున్నచో రెండు చేతులు జోడించిన బొమ్మ బదులుగా వచ్చును. ఆ బొమ్మ పంపినవారందరును వత్తురని తలచి ఎవరైనను బియ్యము పోయుదురా? గురుతు నొక్కుటకు వ్రేలు చాలును. వచ్చుటకు సాయంకాలము కావలెను. ఈ మాటయే పిల్లతో ననగా, అది కొంతసేపు ఆలోచించి, రాని ఇరువదిముగ్గురిని ఒక్కొక్కరినే ఫోనులో పలుకరింప మొదలిడినది. మేము ప్రక్కన కూర్చుండి కాకరకాయలు తరుగుచుంటిమి గనుక కొంత మా చెవిని పడినది.

పందొమ్మిదిమంది పలికిరి. ఆట విసుగు పుట్టి రానిది వారిలో ఒక్కతె. ఇద్దరు మాదాపురములో అమెరికావారి వేళలకు పనిచేయువారు. ఎనిమిదిన్నరకు ఆఫీసు కారులో నుండిరి. నలుగురకు సొంత ఫోను లేదు. అన్నదో తమ్మునిదో తీసికొని ఆడుదురు, ఆదివారము రాత్రి క్రికెట్టు చూచుటకు వారు తిరిగి తీసికొనిరి. ఒక పిల్ల తండ్రి ఆటలన్నియు ప్రభుత్వము నిషేధించినదని విని ఆటను ఫోనునుండి చెరిపివైచెను. ఇచ్చట నొకమాట. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది డబ్బొడ్డి ఆడు ఆటలను. మన తెలంగాణములో పందెపు రమ్మీకి 2017లోనే నిషేధము వచ్చినది. పందెములేని ఆటలకు ఈ చట్టమువలన ఆటంకము లేదు. తండ్రులకు ఈ భేదము తెలుపు భారము తల్లులది.

మిగిలిన పదకొండుమంది? అందరును ఒకటే చెప్పిరి. ఆ వేళకు రొట్టెలు చేయుచుండిరి, వడ్డించుచుండిరి, అంట్లు తోముచుండిరి. ఒక పిల్ల అయితే, “మా అమ్మ మూడుసార్లు పిలిచిందే, వెళ్ళక తప్పలేదు,” అన్నది. మా చేతిలోని కత్తిపీట ఆగినది. మా పిల్ల మావైపు చూడలేదు. అది దాని మర్యాద.

అదే యీడు మగపిల్లలు మా వీధిలో రాత్రి పదివరకు మెట్లపై కూర్చుండి బీజీఎంఐ ఆడుదురు. వారిని వంటింటినుండి మూడుసార్లు పిలిచిన గొంతు మేమెన్నడును వినలేదు. మేము కూడ పిలువలేదు.

రెండవ పిలుపునకు వేళను ఆ పదకొండుమందియే నిర్ణయించిరి: దసరా సెలవులలో మధ్యాహ్నము రెండున్నర. పగటి అంట్లు తీరి, సాయంకాలపు పనులు మొదలుగాని ఆ రెండుగంటలు స్త్రీలకు ఏనాటినుండియో సొంతము. మన పత్రికను చదువునదియు అప్పుడే గదా. ఈసారి ప్రకటన లేదు. ప్రతి పిల్లకును ముందునాడొకసారి, ఆనాటి ఉదయమొకసారి మా పిల్ల ఫోను చేసినది. చట్టపుమాట చెప్పుటకు ఆ తండ్రికి మావారు స్వయముగా ఫోను చేసిరి. బడిపంతులు మాటకు ఇంకను కొంత విలువ కలదు.

తొమ్మిదిమంది వచ్చిరి. ఆ సెప్టెంబరు 29ననే సరూర్‌నగర్ మైదానమున 63 అడుగులకు మించిన బతుకమ్మను నిలిపి, 1354 మంది స్త్రీలు కూడి ఆడి గిన్నిస్ గ్రంథమున కెక్కిరని పత్రికలలో చదివితిమి. మా వారి లెక్కకు గిన్నిస్‌వారు రారు. అయినను చెదరిన వరుసలు మూడు గంటలలోపుననే తిరిగి లేచినవి. ఆటలో చీకటి పడినప్పుడెల్ల పదిమందియు ఒక్కసారిగా పరుండిరి. అంట్లు మేము తోముకొంటిమి.

నాలుగు గంటల వేళ లోపలినుండి పిలుపు వచ్చినది.

“అత్తా, ఇంకొకరికి చోటున్నది. చేతులు తుడుచుకొని రా.”

మేము కొంగుకు చేతులు తుడుచుకొని ఫోను పట్టుకొంటిమి. ఏ వ్రేలితో నడువవలెనో, ఏ వ్రేలితో చూడవలెనో మాకు తెలియలేదు. తొమ్మిదిమంది పిల్లలు “కుడికి, అత్తమ్మా, కుడికి!” అని అరచుచుండగనే, మేము బతుకమ్మను చుట్టి నేరుగా చెరువులోనికి నడచితిమి.