ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉంటే ముఖం జోలికి పోకండి

ఇంటర్మీడియట్ నుంచీ నా బుగ్గల మీద మొటిమల గుంటలున్నాయి. హాస్టల్లో దానికో ముద్దుపేరు కూడా పెట్టారు. ఇక్కడ రాయను. బీటెక్ ఫైనలియర్‌లో మా కాలేజీకి మొదటి కంపెనీ రావడానికి పది రోజులుందనగా హైదరాబాద్‌లో ఓ స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను. కౌంటర్ దగ్గరున్నావిడ ‘ప్లేస్‌మెంట్స్ కదా, ఒక్క లేజర్ సిట్టింగ్‌తో ఫ్రెష్‌గా అయిపోతారు’ అంది. నాన్న ఫీజు కోసం పంపిన డబ్బుల్లో కొంత తీసి అక్కడ కట్టేశాను. మెషీన్ పట్టుకున్నది డాక్టరా, టెక్నీషియనా అని అడగాలని కూడా తోచలేదు.

మూడో రోజుకి ముఖమంతా పక్కులు కట్టింది. ఎనిమిదో రోజుకి అవి రాలాయి. కింద గుంటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ కొత్తగా నల్ల మచ్చలు! డ్రైవ్ రోజు పొద్దున అక్క తన కన్సీలర్ తీసింది. ‘మగాళ్లు మేకప్ వేసుకుంటారా అక్కా?’ అన్నాను. ‘నీ హీరోలు వేసుకోవట్లేదా? కదలకుండా కూర్చోరా’ అంది.

ప్యానెల్‌లో ఇద్దరున్నారు. నా ముఖం సంగతి ఎవరూ ఎత్తలేదు. థర్డ్ నార్మల్ ఫామ్‌కీ బీసీఎన్‌ఎఫ్‌కీ తేడా అడిగారు. చెప్పలేకపోయాను. ఆ వారం పుస్తకం ముందు కంటే అద్దం ముందే ఎక్కువసేపు కూర్చున్నాను మరి. ఉద్యోగం రాలేదు.

అందుకే ప్లేస్‌మెంట్ సీజన్ రాగానే కనిపించే ‘ఇంటర్వ్యూ గ్లో’ ప్యాకేజీలంటే నాకు ఒళ్లు మండుతుంది. చికిత్సలకు నేను వ్యతిరేకిని కాదు. వాళ్లు చెప్పే టైమ్‌లైనే అబద్ధం. మొటిమ తగ్గాక మిగిలేవి రెండు రకాలు. ఒకటి రంగు మచ్చ. ఎండ తగలకుండా చూసుకుంటే చాలావరకు కొన్ని నెలల్లో అదే పలచబడుతుంది. రెండోది గుంట. అది దానంతటది పూడదు. లేజర్, మైక్రోనీడ్లింగ్ లాంటివి చర్మానికి కావాలనే చిన్న చిన్న గాయాలు చేసి, లోపల కొత్త కొల్లాజెన్ పుట్టేలా చేస్తాయి. ఫలితం తేలడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. సిట్టింగులు కూడా సాధారణంగా నెలకు పైగా ఎడంతో నాలుగైదు ఉంటాయి. పైగా మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో ఏ గాయమైనా మెలనిన్‌ని రెచ్చగొడుతుంది. పవర్ కాస్త ఎక్కువైనా, తర్వాత ఎండలో తిరిగినా నల్లబడతాం. నాకు జరిగింది అదే. చేయించుకోవాలనుంటే థర్డ్ ఇయర్ సెలవుల్లోనే మొదలుపెట్టండి. బోర్డు మీద పేరు పక్కన ఎండీ డీవీఎల్ లాంటి చర్మవ్యాధుల డిగ్రీ ఉందో లేదో చూడండి. మెషీన్ ఎవరు పడతారో ముందే అడగండి.

క్లినిక్‌కి డబ్బుల్లేనివాళ్లు మెడికల్ షాపుకెళ్లి ‘తెల్లబడే క్రీమ్’ అడుగుతారు. ఇది ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటిల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలొస్తాయి. మానేస్తే మంట. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. మీ వీధి చివర షాపులో ఏం జరుగుతోందో మీకే తెలుసు.

సరే, ఇప్పటికే చేయించేసుకున్నారు, ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేసింది. అప్పుడేంటి? పక్కులు గిల్లొద్దు. చర్మం పూర్తిగా మూసుకుని, డాక్టర్ సరేననేదాకా మేకప్ వద్దు. ఆ తర్వాత రోజూ పొద్దున ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ రకమైతే మచ్చల్ని కొంత కప్పుతుంది, మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపునీ అడ్డుకుంటుంది. కన్సీలర్ సంగతి ఫొటోషాప్ తెలిసినవాళ్లకి తేలిక. ఎదురు రంగు వేసి రద్దు చేయడమే. ఎరుపు మీద ఆకుపచ్చ, గోధుమ నలుపు మీద నారింజ ఛాయ, రెండూ పలచగా. పైన మీ చర్మం రంగు కన్సీలర్ వేలితో అద్దండి, రుద్దొద్దు. షేడ్‌ని షాపు లైట్ల కింద కాదు, బయట వెలుతురులో చూసి కొనండి.

కన్సీలర్ రంగును దాస్తుంది, లోతును దాచలేదు. గుంట కనిపించేది నీడ వల్ల. నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఒక్కటే ఉంటే ప్రతి గుంటా లోతుగా కనిపిస్తుంది. వీడియో ఇంటర్వ్యూ అయితే టేబుల్ తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చోండి. నాకు తెలిసిన అతి చవక చికిత్స ఇదే.

మచ్చ దాచడం మోసం అనేవాళ్లున్నారు. చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మోసమా? అద్దితే ధైర్యంగా ఉంటుందంటే అద్దుకోండి. అలాగే వెళ్తామన్నా వెళ్లండి. క్యాబిన్ క్రూ లాంటి ఉద్యోగాలకు చర్మం గురించి ముందే రాస్తారు, ఆ లెక్క వేరు. కోడింగ్ ఉద్యోగానికి ముఖం చూస్తారని చెప్పి ప్యాకేజీ అంటగట్టేవాళ్ల మాటే నమ్మొద్దంటున్నాను.

ఈమధ్య నేనే ఆన్‌లైన్ ప్యానెల్‌లో కూర్చున్నాను. ఒకబ్బాయి కెమెరా ఆన్ చేయలేదు. నెట్ స్లో అన్నాడు. కెమెరా తప్పనిసరి అని చెబితే ఆన్ చేశాడు. బుగ్గల మీద పొట్టు లేస్తోంది, ఏదో పీల్ చేయించుకున్నట్టున్నాడు. ‘సారీ సార్, ఫేస్...’ అంటూ ఏదో చెప్పబోయాడు. స్క్రీన్ షేర్ చేయమన్నాను. ఇరవై నిమిషాల్లో కోడ్ రాసేశాడు. నెట్ బాగానే ఉంది.