బొమ్మ తెండు, మొక్క తేకుడు

కొన్ని సంవత్సరములుగా మన విద్యార్థులలో అడవి పువ్వులను వెదకి ఛాయాచిత్రములు తీయు వేడుక ప్రబలుచున్నది. అరకునకో, లంబసింగికో, మారేడుమిల్లికో విహారయాత్రకు పోయిన ప్రతి తరగతియు సెల్‌ఫోనులనిండ బొమ్మలతో తిరిగివచ్చుచున్నది. వానిలో ఆర్కిడ్ పువ్వుల బొమ్మలు హెచ్చు. ఇది మంచి వేడుక యని మా యభిప్రాయము. కాని దీనివెంట నొక చెడ్డ యలవాటు గూడ ప్రవేశించుచున్నది. బొమ్మ తీసినవారు అంతటితో తృప్తి నొందక, మొక్కను కొమ్మనుండి యూడబెఱికి, తడిగుడ్డ చుట్టి, సంచిలో వేసికొని వచ్చుచున్నారు. పిల్లలు మాత్రమే కాదు. వెంటవచ్చు పెద్దలును చేయుచున్నారు. ఇంటి వరండాలో వ్రేలాడదీసిన యా మొక్క ఒక యేడు ఆకులతో నుండును, రెండవ యేట వాడును, మూడవ యేట దాని ప్రసక్తి యెవరును తేరు.

ఆర్కిడ్ అను పేరు పైనుండి వచ్చినదే గాని మొక్క మనకు క్రొత్తది కాదు. పాత మామిడితోటలలోను, ఇప్పచెట్లమీదను దళసరి యాకులతో, లావుపాటి బూడిదరంగు వేళ్లతో కొమ్మను కఱచుకొనియుండు మొక్క నొకదానిని మన పల్లెవారు బదనిక యందురు. శాస్త్రజ్ఞులు దానిని వాండా టెస్సెల్లాటా యందురు. వాండా యను మాట సంస్కృతమునుండి గ్రహింపబడినది. టెస్సెల్లాటా యనగా గళ్లుగళ్లుగా నున్నది యని యర్థము. పసుపుపచ్చని రేకులమీద గోధుమరంగు గళ్లు, నడుమ ఊదారంగు పెదవి, దగ్గఱకు పోయినచో మంచి వాసన. వేసవి చివరనుండి తొలకరి వఱకు పూయు నీ పువ్వును చూడనివారు తలయెత్తి చూడనివారే గాని దానికి దూరముగా నున్నవారు కారు.

చిక్కేమనగా, బదనిక యను పేరు చెట్టు రసమును పీల్చి బ్రదుకు వేఱొక మొక్కకును కలదు. రైతు తన మామిడిని కాపాడుకొనవలె నను తలంపుతో రెంటిని గలిపి గీకి పాఱవేయుచున్నాడు. ఆర్కిడ్ చెట్టు రసమును త్రాగదు. దానికి కావలసినది నిలువ నీడ మాత్రమే. వాన నీరు, మంచు, బెరడు సందులలో కుళ్లిన యాకుల పొడి, ఇవియే దాని యాహారము. దాని వేళ్లపై స్పంజివంటి తెల్లని పొర యొకటి యుండును. చినుకు పడగానే నీటిని పీల్చి యా వేరు పచ్చబడును. రసము పీల్చు బదనిక యట్లు కాదు. అది కొమ్మలోనికి చొచ్చుకొనిపోవును. చొచ్చిన చోట కొమ్మ యుబ్బును. తోటలుగల తల్లిదండ్రులు ఈ భేదమును గమనించి, కత్తి తీయుటకు ముందొకసారి వేళ్లను పరీక్షింపుడని మనవి చేయుచున్నాము.

ఇక ఇంటికి తెచ్చిన మొక్క యేల చచ్చును? ఆర్కిడ్ గింజ ధూళివంటిది. ఒక కాయలో వేలకొలది, కొన్ని జాతులలో లక్షలకొలది గింజలుండును. అంత చిన్న గింజలో వరిగింజలోవలె పిండి దాచియుంచుటకు చోటు లేదు. పుట్టిన గింజ తనంతట తాను బ్రదుకలేదు. బెరడులోనో మట్టిలోనో యుండు నొక విధమైన బూజు దానిలో ప్రవేశించి యాహార మందించినప్పుడే మొలకెత్తును. నోయెల్ బెర్నార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1899లో ఈ సంగతిని కనిపెట్టెను. లక్షగింజలు గాలిలో పోయినను సరియైన బూజుగల చోటున పడునవి యెన్నియో యూహింపుడు. పడి మొలచినదియు పువ్వు పూయుటకు కొన్ని సంవత్సరములు పట్టును. మనము అరనిమిషములో నూడబెఱికినది అట్టి మొక్క. వరండాలో దానికి ఆ బెరడు లేదు, ఆ మంచు లేదు, దాని పువ్వునొద్దకు వచ్చు పురుగు లేదు. పువ్వు పూసినను కాయ కాయదు. కావున ఇంటికి తెచ్చిన మొక్క బ్రదికియున్నను, అడవి లెక్కలో చచ్చినదే.

చరిత్రలోనుండి రెండు సంగతులు చెప్పెదము. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 మొదలు 1793 వఱకు మన సామర్లకోటలో నుండి, చుట్టుప్రక్కల మొక్కలను దేశీయ చిత్రకారులచేత వ్రాయించెను. ఆ బొమ్మలలో నేరినవి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను పేర 1795 మొదలు మూడు సంపుటములుగా, 300 పటములతో లండనులో నచ్చుపడెను. మొదటి సంపుటములోనే మన గళ్ల వాండా యున్నది. చిత్రకారుడు దాని యాకును, వేరును, పువ్వును విడదీసి చూపెను. ఇది కెమెరా పుట్టక ముందు సంగతి. రెండువందల యేండ్లు దాటినను ఆ పటమును చూచి నేటి విద్యార్థి తన తోటలోని మొక్కను గుర్తింపగలడు.

రెండవ సంగతి 1850 నాటిది. జోసెఫ్ హుకర్ అను ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీకొండలలో నీలి వాండా పూయుచోటికి పోయెను. ఆకాశపు రంగుగల యా పువ్వును మెచ్చుకొని, ఏడుగురు మోయునంత మొక్కలను సేకరించి ఇంగ్లండులోని క్యూ తోటకు పంపెను. వానిలో ప్రాణముతో చేరినవి కొలదిమాత్రమే. ఆ చోటు చూచుటకు తన తోటమాలిని వెంట పంపిన యొక దొర ఒక మనిషి మోతను పంపగా, అవి వాడిపోయి చేరినను 300 పౌండ్లకు అమ్ముడుపోయెనట. ఈ సంగతి హుకర్ తన గ్రంథములో తానే వ్రాసెను. హుకర్ మహాపండితుడు, ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. అయినను చూడుడు: శాస్త్రము కొఱకు పోయినవాని వెనుకనే వ్యాపారము పోయినది. నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పేరుపెట్టి కాపాడబడు కొలది మొక్కలలో నీలి వాండా యొకటి. 1975లో అమలునకు వచ్చిన సైటీస్ అను అంతర్జాతీయపు టొడంబడిక ఆర్కిడ్ కుటుంబము నంతటిని తన పట్టికలలో చేర్చి, దేశమునుండి దేశమునకు జరుగు వ్యాపారమును కట్టడి చేసినది. చట్టములు వచ్చులోపల మోతలు దిగిపోయినవి.

కావున బొమ్మ తీయుటయే మేలని మా వాదము. కాని బొమ్మ యనగా పువ్వు ముందు నిలిచి నవ్వుచు తీసికొనునది కాదు. (అట్టి బొమ్మలు గూడ తీసికొనుడు, మాకు కోపము లేదు.) పువ్వు నొక్కదానినే తెరనిండ తీసిన బొమ్మవలన మొక్క పేరు చెప్పుట తఱచు సాధ్యము కాదు. పువ్వును ఎదుటినుండియు, ప్రక్కనుండియు తీయవలెను; పెదవి వెనుక తోకవంటి తేనెగొట్ట ముండునేని అది కనబడవలెను. ఆకు, కాండము, వేరు వేఱుగా తీయవలెను. పిదప నాలుగడుగులు వెనుకకు పోయి చెట్టు నంతటిని తీయవలెను. అది యే చెట్టు, బెరడు గఱుకా నునుపా, నేలనుండి యెన్ని యడుగుల యెత్తు, ఎండ యే వైపునుండి పడును, పువ్వుపై వ్రాలిన పురుగేది, ఇవన్నియు పుస్తకములో వ్రాసికొనవలెను. ఎత్తుగా నున్న మొక్క కొఱకు చెట్టెక్కి కొమ్మ విఱుచుటకంటె, దానిని వదలి వేఱొక చెట్టును వెదకుట మేలు. మబ్బుపట్టిన యుదయమున రంగులు నిజముగా వచ్చును. మిట్టమధ్యాహ్నపు టెండలో పసుపు తెల్లబోవును.

నేల ఆర్కిడ్ల విషయమున ఓపిక మఱింత కావలెను. మన తూర్పుకనుమలలో నెర్వీలియా యను చిన్న మొక్కలు గలవు. తొలకరి జల్లు పడగానే నేలనుండి పూకాడ యొక్కటే లేచును. ఆకు జాడయే యుండదు. కొలదిదినములలో పువ్వు రాలిపోవును. అటుపిమ్మట ఒకే యొక యాకు నేలను వచ్చును. పువ్వును చూచినవాడు ఆకును చూడడు, ఆకును చూచినవాడు పువ్వును చూడడు. ఈ మొక్క యెట్టిదో తెలిసికొన వలెనన్న ఒకే చోటికి రెండుసార్లు, వానలలో, జలగలకు వెఱవక పోవలెను. దుంపను త్రవ్వి తెచ్చినవానికి ఈ రెండవ ప్రయాణము తప్పును గాని, తెలియవలసిన సంగతి గూడ తప్పిపోవును. తరగతిలో నలుబదియైదు నిమిషములు కూర్చుండలేని బాలుడు పువ్వుపై పురుగు వ్రాలువఱకు గంటసేపు కదలక కూర్చుండుట మేము చూచితిమి. పరీక్షలలో దీనికి మార్కులెన్ని యని యడుగు తల్లిదండ్రులకు మా సమాధానము ఇంతే.

ఉపాధ్యాయులలో కొందఱు వేఱొక యాక్షేపణ చేయుదురు: ఎండబెట్టి కాగితమున కంటించిన మొక్క లేనిదే వృక్షశాస్త్రము సాగదని. ఇది నిజమే. బొమ్మలో కనబడని సంగతులు ఎండుమొక్కలో కనబడును. కాని యా పని యనుమతి పొందిన పండితులది. ఒక పాఠశాలనుండి ఏటేట వచ్చు నలువదిమంది పిల్లలు తలకొక మొక్క తెచ్చినచో అది శాస్త్రము కాదు, కోత. నక్కతోకవలె పూగుత్తులు వ్రేలాడదీయు రింకోస్టైలిస్ రెటూసా అస్సాము, అరుణాచలప్రదేశములకు రాష్ట్రపుష్పము. మన కొండలలోను గలదు. దాని యందమే దానికి శత్రువు. దారికి దగ్గఱగా నున్న చెట్లమీదనుండి మొదట పోవునది అదియే.

బొమ్మ తీయుటవలన గూడ హాని కలదని మఱువరాదు. పువ్వు చక్కగా కనబడవలెనని చుట్టు గడ్డి పీకుదురు. ఆ గడ్డియే దానికి నీడ. మంచి కోణము కొఱకు మోకరించు చోట మొలకలుండవచ్చును. ఇంతకంటె పెద్ద హాని చోటు చెప్పుట. నేటి ఫోను బొమ్మతోపాటు చోటును గూడ, అక్షాంశ రేఖాంశములతో, తనలో దాచుకొనును. ఆ యేర్పాటును ఆపనిచో బొమ్మ యెక్కడికి పోయిన చోటు నక్కడికి పోవును. ఇంగ్లండులో లేడీస్ స్లిప్పర్ అను పసుపు పెదవి ఆర్కిడ్‌ను తోటలకై త్రవ్వి త్రవ్వి 1917 నాటికి నశించినదని ప్రకటించిరి. 1930లో యార్క్‌షైరు కొండలలో ఒకే మొక్క దొరకెను. ఆ చోటును కొలదిమందియే యెఱిగి, ఏండ్లతరబడి రహస్యముగా నుంచి, పూయుకాలమున కావలికాచి కాపాడిరి. నాడు వారిచేతులలో నేటి ఫోనులున్నచో ఆ మొక్క వారముదినములు నిలిచెడిదా?

కొండలలోని గ్రామములనుండి మన వసతిగృహమునకు వచ్చిన పిల్లలు ఈ విషయమున తక్కిన వారికి గురువులు కాదగినవారు. ఏ చెట్టుమీద ఏ నెలలో ఏది పూయునో వారు చిన్ననాటనే యెఱుగుదురు. పట్టణపు పిల్లలు వారిని దారి చూపుటకు వెంట తీసికొనిపోయి, బొమ్మక్రింద తమ పేరు మాత్రము వ్రాసికొనుట న్యాయము కాదు. చూపినవాని పేరు ముందు, తీసినవాని పేరు పిదప వ్రాయుట మంచిది. వారి భాషలో ఆ మొక్కకు పేరున్నచో అదియు వ్రాయవలెను.

కొండమీది ప్రసంగములో ప్రభువు అడవి పువ్వులను చూపి శిష్యులకు బోధించెను. కోసితెమ్మని యెవరికిని చెప్పలేదు. మిషను పాఠశాలలో ఈ మాట యింతకంటె పెంచి చెప్ప నక్కఱలేదు.

వచ్చు సంవత్సరపు యాత్రనుండి మన పాఠశాలలో ఈ పద్ధతిని పాటింపవలెనని ప్రధానోపాధ్యాయులకును, సహోపాధ్యాయులకును సూచించుచున్నాము. బస్సు తిరిగి బయలుదేరునపుడు సంచులలో మొక్క యుండరాదు. రిజర్వు అడవిలో ప్రవేశించుటకు ముందు అటవీశాఖవారి యనుమతి యుండవలెను. గాలికి విఱిగిన కొమ్మతోనో, రోడ్డు వెడల్పునకై నఱకిన చెట్టుతోనో నేలబడిన ఆర్కిడ్ కనబడినచో, ఇది మనకు దొరకినది గదా యని తెచ్చుట కాదు. ఆ శాఖవారితో చెప్పి, అక్కడనే ప్రక్కనున్న గఱుకుబెరడు చెట్టునకు నారతో గట్టి రావలెను. నార మెల్లగా క్రుళ్లులోపల వేళ్లు పట్టుకొనును.

బొమ్మల కొఱకు రెండు పుస్తకములు పెట్టవలెను. మొదటిది గ్రంథాలయములో అందఱకు నందుబాటులో నుండును. దానిలో బొమ్మ, తేదీ, చెట్టు పేరు, చూపినవారి పేరు, తీసినవారి పేరు, జిల్లా పేరు మాత్రముండును. చోటు వ్రాసిన రెండవ పుస్తకము సైన్సు గదిలోని బీరువాలో, తాళము వేసి యుండును. దానిని చూడగోరువారు ఎందులకు చూడగోరుచున్నారో ముందుగా సైన్సు ఉపాధ్యాయులకు వ్రాసి యియ్యవలెను.