స్వేచ్ఛకు పూచీకత్తు ఎంత?

అస్సాంలో ట్రిబ్యునళ్లు విదేశీయులుగా ప్రకటించినవారు గడువంటూ లేని నిర్బంధంలో మగ్గిపోయారు. మూడేళ్లు గడిపినవారిని షరతులతో విడుదల చేయవచ్చని 2019 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇద్దరు భారత పౌరులు చెరి రూ.1 లక్షకు జామీను నిలవాలి. వారం వారం పోలీసుస్టేషన్‌లో హాజరు కావాలి. రోజుకూలీకి అంతటి జామీనుదారులు ఎక్కడ దొరుకుతారు? కరోనా వేళ, 2020 ఏప్రిల్‌లో, అదే న్యాయస్థానం గడువును రెండేళ్లకు, పూచీకత్తును రూ.5 వేలకు తగ్గించింది. ఐదు వేలు చాలినచోట అంతకుముందు లక్ష ఎందుకు అవసరమైంది?

రాజ్యాంగం 21వ అధికరణం రక్షణ పౌరులకే పరిమితం కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. ఏ నేరానికీ శిక్ష పడని మనిషి విడుదలకు పేదరికం అడ్డు కారాదు. సొంత పూచీకత్తుపై విడుదల, ఉచిత న్యాయసహాయం, నిర్బంధానికి చట్టబద్ధమైన గడువు కల్పించాలని మేము కోరుతున్నాము.