మెడ విరిపించుకొనే ముందు



ఈ మధ్య మేము ఏ గ్రామమునకు వెళ్లినా ఒక ప్రశ్న ఎదురవుచున్నది. "అయ్యగారూ, ఫోనులో వీడియో చూశాము. మెడ పట్టుకొని ఒక్కసారి తిప్పుతారు, టక్కున శబ్దం వస్తుంది, నొప్పులన్నీ పోతాయంట. మా అమ్మకు కీళ్లవాతం. తీసుకొని వెళ్లమంటారా?" అని అడుగుచున్నారు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో "ఇక్కడ నడుము నొప్పికి కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్తారు, మీరు కూడా పట్నంలో చూపించుకోండి" అని చెప్పిన ఇండ్లు కూడా ఉన్నవి. అందుచేత ఈ నెల ఆ సంగతే వ్రాయుచున్నాము.

కైరోప్రాక్టిక్ అను మాట గ్రీకు భాషనుండి వచ్చినది. 'ఖైర్' అనగా చేయి. చేతితో చేసే వైద్యమని ఈ పేరునకు భావము. 1895 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రములో, డావెన్‌పోర్ట్ పట్టణములో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన దీనిని మొదలుపెట్టాడు. వెన్నుపూసలు చోటు తప్పి నరములను అడ్డగించుట వలననే రోగములు వచ్చుచున్నవని, వాటిని చేతితో సర్దితే రోగము పోవునని ఆయన తలంచాడు. రోగములన్నిటికి అదే మూలమనే మాటను నేటి వైద్యశాస్త్రము ఒప్పుకొనదు. అయితే మామూలు నడుము నొప్పికి ఈ చేతివైద్యము వలన కొందరికి కొంత ఉపశమనము కలుగుచున్న మాట నిజమే.

చేతివైద్యము మనకు కొత్త కాదు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లేవారున్నారు. కాలు బెణికితే ఊరిలో తోమే పెద్దమ్మ ఉంటుంది. సెలూన్‌లో క్షవరము అయిన తరువాత తలకు నూనె పట్టించి మెడను అటూ ఇటూ విరిచేవారు ఉన్నారు. ఆరోగ్యవంతునికి అది హాయిగానే ఉండవచ్చును. అయితే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను కీళ్లవాతము ఉన్న మనిషి మెడ అటువంటిది కాదు. ఈ నెల మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

మనము కీళ్ల నొప్పులన్నిటినీ వాతమనే ఒక్క పేరుతో పిలుస్తాము. వయస్సు మీరినవారికి మోకాళ్ల అరుగుదల ఒక సంగతి. రుమటాయిడ్ వేరొక సంగతి. మన శరీరములో రోగములతో పోరాడుటకు ఒక కాపుదల ఉన్నది. కంచే చేను మేసినట్లు, ఈ వ్యాధిలో ఆ కాపుదలే కీళ్ల లోపలి పొర మీద పడి దానిని వాపెక్కించి, క్రమముగా ఎముకను, ఎముకలను కట్టి ఉంచే పట్టీలను తినివేస్తుంది. ఇది ముసలివారి రోగము కాదు. ముప్పది, నలువది ఏండ్లవారికి కూడా వస్తుంది. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ.

దీని గుర్తులు తెలిసికొనండి. రెండు చేతుల వ్రేళ్ల కణుపులు, మణికట్లు ఒకే విధముగా వాచును. ఉదయము లేవగానే చేతులు బిగుసుకొని పోయి, అరగంట, గంట గడిచినా పిడికిలి మూయనీయవు. నీరసము, కొద్దిపాటి జ్వరము ఉండవచ్చును. ఇట్లు ఆరు వారములు దాటినయెడల వైద్యునికి చూపించవలెను. ఇంటిలో కోడలు పొద్దున చెంబు పట్టుకోలేక, జడ వేసికొనలేక, మధ్యాహ్నమునకు కొంత తేరుకుంటే "పని దొంగ" అని నిందించే అత్తలను మేము చూచాము. ఆమె దొంగ కాదు, రోగి. ఈ వ్యాధి స్వభావమే అది.

ఇక మెడ సంగతి. మన వెన్నెముకలో పైనున్న మొదటి రెండు పూసలే తలను మోయుచు అటూ ఇటూ త్రిప్పుచున్నవి. వాటిని ఒక గట్టి పట్టీ బిగించి ఉంచును. దాని వెనుకనే శరీరమంతటికి వెళ్లే నరముల త్రాడు ఉన్నది. రుమటాయిడ్ చాలా ఏండ్లు ముదిరినవారిలో కొందరికి ఆ పట్టీ సడలిపోవును, పూస కదలాడును. బయటికి ఏమియు తెలియకపోవచ్చును. అటువంటి మెడను ఎవరైనా ఒక్క విరుపు విరిస్తే పూస వెనుకకు జరిగి నరముల త్రాడును నొక్కవచ్చును. కాలుసేతులు పడిపోవచ్చును, ప్రాణమే పోవచ్చును. విరిచినవారికి చెడు తలంపు లేకపోయినా జరిగినదానిని మరల సర్దలేరు.

ఇది మా సొంత మాట కాదు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కైరోప్రాక్టిక్ గురించి వెలువరించిన మార్గదర్శకములలో, రుమటాయిడ్ వాపు, పట్టీల సడలిక ఉన్న చోట కీలును విరవకూడదని ఉన్నది. 2022లో అమెరికాలోని కీళ్లవ్యాధుల వైద్యుల సంఘము, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, ఈ రోగులకు కైరోప్రాక్టిక్ వద్దనే సలహా ఇచ్చినది. అదే సంఘము క్రమమైన వ్యాయామమును గట్టిగా చెప్పినది. మృదువైన మర్దనము, వేడి కాపడము కూడా ఉపయోగపడవచ్చునన్నది. కాబట్టి చేతి స్పర్శ అంతా చెడ్డదని ఎవరును అనుట లేదు. కండరమును మెల్లగా రాయవచ్చును. కీలును విరవకూడదు. వాచి ఎర్రబడిన కీలును తోమకూడదు, బిగించి కట్టు కట్టకూడదు.

మరి మందు ఉన్నదా? ఉన్నది. పామర్ డావెన్‌పోర్ట్‌లో తన వైద్యము మొదలుపెట్టిన ఆ 1895లోనే, జనవరిలో, మన భీమవరములో ఒక బిడ్డ పుట్టెను. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలను నడిపించెను. మెథోట్రెక్సేట్ అను మందు ఆ ప్రయోగశాల నుండియే వచ్చినది. మొదట అది రక్తపు క్యాన్సరు కొరకు వచ్చెను. సుబ్బారావు గారు 1948లో చనిపోయిరి. తరువాత 1988లో అమెరికా ప్రభుత్వము దానిని రుమటాయిడ్ కీళ్లవాతమునకు కూడా ఆమోదించినది. నేడు ప్రపంచమంతటా ఈ రోగమునకు వైద్యులు మొదట చూచే మందు అదే. దానితోపాటు ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు మాత్రను కృత్రిమముగా తయారుచేసినదియు ఆయన బృందమే. ఇంత దగ్గరివాడు చేసిపెట్టిన మేలును వదిలి, ఫోనులో కనబడిన విరుపు కొరకు దూరము పరుగెత్తుట ఎందుకు?

అయితే ఈ మందు విషయములో జాగ్రత్త అవసరము. మెథోట్రెక్సేట్ మాత్రను వారమునకు ఒక్కసారి మాత్రమే వేసికొనవలెను. రోజూ వేసికొంటే ప్రాణాపాయము. చదువురాని పెద్దలున్న ఇంటిలో ఆ వారమును, ఉదాహరణకు ప్రతి బుధవారము అని, కేలండరు మీద గుర్తు పెట్టండి. గుణము కనబడుటకు ఒకటిన్నర నెల మొదలు మూడు నెలలు పట్టవచ్చును. పది రోజులకు విసిగి మానవద్దు. వైద్యుడు చెప్పినప్పుడెల్ల రక్తపరీక్ష చేయించండి. సారా, బ్రాందీ ముట్టవద్దు. గర్భిణులు, బిడ్డకొరకు ఎదురుచూచే స్త్రీలు దీనిని వాడరాదు. వారికి వేరే మందులున్నవి, ముందుగానే వైద్యునితో చెప్పవలెను.

పేరు లేని పొట్లములలో పొడులు, మాత్రలు అమ్మేవారి విషయములోను మెలకువగా ఉండండి. రెండు రోజులలో నొప్పి మాయమై, కొన్ని నెలలకు ముఖము ఉబ్బి, చక్కెర పెరిగి, ఎముకలు గుల్లబారినవారిని మనము చూచుచున్నాము. అటువంటి వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చును. చాలా కాలము వాడినవారు ఒక్కసారిగా మానినా ప్రమాదమే. ఆ పొట్లమునే వైద్యునికి చూపించి ఆయన చెప్పినట్లు మెల్లగా తగ్గించవలెను.

ఈ వ్యాధి ఉన్నవారికి మెడ నొప్పి తల వెనుకకు ప్రాకినా, చేతులకు తిమ్మిరి వచ్చినా, నడకలో తూలినా, మూత్రము మీద పట్టు తప్పినా ఆలస్యము చేయవద్దు. మెడకు ఎక్స్‌రే తీయించమని అడగండి. ఏ ఆపరేషనుకైనా మత్తు ఇచ్చే ముందు "నాకు రుమటాయిడ్ ఉన్నది, మెడ జాగ్రత్త" అని చెప్పండి. హైదరాబాదు నిమ్స్‌లోను, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఈ కీళ్లవ్యాధులకు ప్రత్యేక విభాగములున్నవి. అంత దూరము పోలేనివారు ముందు జిల్లా ఆసుపత్రిలో చూపించుకొనండి.

ఇంటివారికి ఒక మాట. నిండు బిందె ఆమెచేత ఎత్తించకండి. పిండి రుబ్బుట, బట్టలు పిండుట మగవారు చేస్తే పరువు పోదు. పొద్దున చేతులు కాచుకొనుటకు గోరువెచ్చని నీళ్లు పెట్టి ఇవ్వండి. ఆరాధనలో మోకాళ్లూనలేనివారికి కుర్చీ వేయండి. దానికి ఎవరూ వారిని చిన్నచూపు చూడకూడదు.

ఈ వ్యాధిలో మొదటి నెలలు, మొదటి రెండేండ్లు చాలా విలువైనవి. కీలు ఒకసారి వంకరపోతే మాత్రతో తిన్నగా కాదు. మీ ఇంటిలో ఎవరికైనా ఈ గుర్తులు ఉన్నయెడల కోతలు అయిన తరువాత చూద్దామనవద్దు. ఈ వారములోనే తీసుకొని వెళ్లండి.