చెమట ఒకటే, కారణాలు రెండు

కోడ్ రాసేవాళ్లందరికీ తెలిసిన తలనొప్పి ఇది. స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ ఒకటే, వెనకున్న కారణాలు మాత్రం రెండు. లాగ్ చూడకుండా ఊహించి ఫిక్స్ చేశామా, ఉన్న సమస్య ఇంకా ముదురుతుంది. ఒంట్లో కూడా ఇలాంటి తికమక ఒకటుంది.

హెరాయిన్ లాంటి మత్తుమందులకు అలవాటుపడినవాళ్లకి మెథడోన్ అనే మందు ఇస్తారు. 1960ల్లో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు ఈ వైద్యానికి దారి వేశారు. డాక్టరు చెప్పిన డోసు రోజూ తీసుకుంటే మత్తు కోసం తహతహ తగ్గుతుంది. మనిషి మళ్లీ ఉద్యోగం, ఇల్లు చూసుకోగలుగుతాడు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

అయితే ఈ మందుతో కొందరికి బ్లడ్ షుగర్ పడిపోతుంది. డయాబెటిస్ లేనివాళ్లకి కూడా! తరచూ జరిగేది కాదు. డోసు పెంచుతున్నప్పుడో, డోసు మరీ ఎక్కువైనప్పుడో కనిపిస్తుంది. అమెరికాలో మందు లేబుల్ మీదే ఈ హెచ్చరిక ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, గుండెదడ, కంగారు. మత్తుమందు అందక ఒళ్లు తల్లడిల్లినా అవే చెమటలు, అదే వణుకు, అదే దడ. మందు తీసుకునే మనిషి ఏమనుకుంటాడు? ‘డోసు చాలట్లేదు, ఇంకాస్త కావాలి’ అనుకుంటాడు. పెంచితే షుగర్ ఇంకా పడొచ్చు. పైగా మెథడోన్ ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది, పెంచిన డోసు పూర్తి ప్రభావం కొన్ని రోజులకి గానీ తెలీదు. మోతాదు మించితే ఊపిరే ఆగిపోవచ్చు.

తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ముక్కు కారడం, వరస ఆవలింతలు, ఒళ్లునొప్పులు, విరేచనాలు ఉంటే మందు చాలకపోవడం కావచ్చు. ఉన్నట్టుండి ఆకలి, మాట తడబడటం, తికమక ఉంటే షుగర్‌ని అనుమానించాలి. అంతకన్నా తేలికైన లాగ్ ఫైల్ మన ఇళ్లల్లోనే ఉంది. అమ్మానాన్నల గ్లూకోమీటర్! వేలికి ఒక్క చుక్క. 70 కన్నా తక్కువుంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

‘మనకెందుకులే ఇదంతా’ అనుకోకండి. నొప్పులకి రాసే ట్రమడాల్ కూడా ఓపియాయిడే. దానితోనూ షుగర్ పడిపోవచ్చు, డయాబెటిస్ ఉన్నవాళ్లకి మరీనూ. మోకాళ్ల నొప్పికి నాన్న అదే వేసుకుంటున్నారేమో ఓసారి స్ట్రిప్ తిప్పి చూడండి.

ఇది చదివి భయపడి ఎవరూ మెథడోన్ ఆపేయకూడదు. ఆపేసి మళ్లీ పాత మత్తుకి, పాత మోతాదులోనే వెళ్తే ప్రాణం పోయే ముప్పు ఎక్కువ. షుగర్ రీడింగ్, టైము, ఆ రోజు తీసుకున్న డోసు ఫోన్‌లో రాసుకుని డాక్టరుకి చూపించండి. మిగతాది ఆయన చూసుకుంటారు. అలవాటు నుంచి బయటపడాలనుకునే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే 14446 నంబర్ ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, కాల్ ఫ్రీ.

ముందు లాగ్, తర్వాతే ఫిక్స్. ఒంటికైనా అంతే.