వైద్య సలహా: తమ్ముడు లేచి నడుస్తాడా?

కుసుమంచి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్లమీదే వుంది. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. కాని ఆమె అడిగిన ప్రశ్న ఎందరి ఇళ్ళలోనో వున్నదే కనుక జవాబు ఇక్కడే వ్రాస్తున్నాను.

ఆమె తమ్ముడికి ఇరవై తొమ్మిదేళ్ళు. కల్లుగీత వృత్తి. మోకు జారి తాటిచెట్టు మీదనుంచి పడ్డాడు. మెడపూస విరిగింది. ఆపరేషను జరిగి పదిహేను రోజులైంది. మోచేతులు మడవగలడు, వేళ్ళూ కాళ్ళూ కదలవు. "ఒక డాక్టరుగారు నడవడన్నారు. ఇంకొకరు చూద్దామన్నారు. సూదిమందుతో లేపేవారున్నారని మా బంధువొకాయన చెప్పాడు. వున్న ఒక్క ఎకరం అమ్ముదామంటున్నాడు మా నాన్న. అమ్మమంటారా?" అని అడిగారు.

అమ్మా, "చూద్దాం" అన్నాయన మాట దాటవేశాడనుకోకండి. మెడలో ఏడు పూసలుంటాయి. వాటి నడుమ చిటికెనవేలంత లావున వెన్నుపాము దిగుతుంది. విరిగిన పూసను రేకులతో, మరలతో నిలబెట్టవచ్చు. నలిగిన వెన్నుపామును అట్లా అతికించే విద్య ఇంకా రాలేదు. పైగా దెబ్బ తగలగానే అది కొన్నాళ్ళపాటు దిమ్మెరపోతుంది. చచ్చినదేదో, నిద్రపోతున్నదేదో ఆ గంటలలో తెలియదు. అందుకే మొదటిరోజు పరీక్షకన్నా 72 గంటల తరువాత చేసిన పరీక్షనే వైద్యులు ఎక్కువగా నమ్ముతారు.

ఆ పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఒక గుండుసూది, కాస్త దూది చాలు. మెడనుంచి పాదాలదాకా గుచ్చీ, తాకీ చూస్తారు. చివరికి మలద్వారం చుట్టూ చూస్తారు. ఇంటివాళ్ళు సిగ్గుపడే ఆ పరీక్షే అన్నిటిలోకీ ముఖ్యమైనది. వెన్నుపాములో అన్నిటికన్నా కిందికి పోయే తంతులు అక్కడికే చేరుతాయి. అక్కడ సూది తెలిసినా, బిగించమంటే కండరం బిగిసినా, దారి పూర్తిగా తెగలేదన్నమాట.

దీన్నిబట్టి రోగులను ఐదు తరగతులు చేస్తారు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రినుంచి ఫ్రాంకెల్ మొదలైన వైద్యులు 1969లో ప్రకటించిన పద్ధతికి అమెరికా వెన్నుపాము సంఘం తరువాత మెరుగులు దిద్దింది. 'ఎ' తరగతి అంటే అడుగున స్పర్శా లేదు, కదలికా లేదు. వారిలో నడక రావడం బహు అరుదు. 'బి' అంటే స్పర్శ వుంది, కదలిక లేదు. అందులోనూ సూదిపోటు తెలిసేవారికి ఆశ ఎక్కువ. 'సి'లో కదలిక వుంది గాని బలం చాలదు. వయసులో వున్నవారు చాలామంది నడక అందుకుంటారు. 'డి'లో బలం బాగానే వుంటుంది. దాదాపు అందరూ నడుస్తారు. 'ఇ' అంటే స్పర్శా, బలమూ మామూలుగానే వున్నాయన్నమాట. 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక లెక్క ఇంకా తేలికైనది: రోగి వయసు, మోకాలు చాచే బలం, మడమ ఎత్తే బలం, ఆ రెండు నరాల తావులలో దూది స్పర్శ. ఇంతే చూసి ఏడాది తరువాత నడక వస్తుందో రాదో చాలావరకు చెప్పగలిగారు. ఎం.ఆర్.ఐ. బొమ్మ కూడా సాయపడుతుంది. వెన్నుపాములో నెత్తురు చిమ్మి వుంటే మంచి గుర్తు కాదు. వాపు మాత్రమే వుంటే కొంత నయం.

కాబట్టి "నడుస్తాడా?" అని కాక, రేపు ఈ మూడు అడగండి: తమ్ముడిది ఏ తరగతి? మలద్వారం దగ్గర సూది తెలుస్తున్నదా? మొదటి పరీక్షకూ ఇప్పటికీ తేడా వున్నదా? జవాబు 'ఎ' అయినా అంతా అయిపోయిందనుకోకండి. కాళ్ళు రాకపోయినా, చేతులలో ఒక్క మెట్టు కిందికి బలం దిగడం తరచు జరుగుతుంది. మోచేయి మడిచేవాడికి మణికట్టు పైకి లేస్తే, వేళ్ళు వాటంతటవే ముడుచుకుని చెంచా పట్టుకోవచ్చు. ఇంకో మెట్టు దిగి మోచేయి చాచగలిగితే, మంచం మీదనుంచి చక్రాల కుర్చీలోకి జరగడం నేర్చుకోవచ్చు. ఒకరు తినిపించాలా, తనే తింటాడా అన్నది ఆ ఒక్క మెట్టులో వుంది. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలలలో జరుగుతుంది. ఏడాది దాటినా కొంత సాగుతుంది.

ఇక పొలం మాట. సూదిమందు అంటే మూలకణాల చికిత్స అయివుంటుంది. అది వెన్నుపామును బాగుచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. మన దేశపు 2017 మార్గదర్శకాల ప్రకారం ఇట్లాంటి జబ్బులకు దాన్ని అనుమతి పొందిన పరిశోధనలో తప్ప వాడరాదు. పరిశోధనలో చేరిన రోగి దగ్గర రుసుము తీసుకోరాదు. డబ్బు అడిగారంటేనే మీకు జవాబు దొరికినట్టు. దానికోసం ఎకరం అమ్మకండి.

ఖర్చు పెట్టవలసినచోట పెట్టండి. స్టోక్ మాండెవిల్లో 1944లో లుడ్విగ్ గుట్‌మన్ ఈ రోగులకోసం విభాగం తెరిచాడు. అంతకుముందు వీరిలో చాలామంది వెన్ను దెబ్బతో కాదు, పడకపుండ్లతో, మూత్రంలో చీముతో పోయేవారు. ఆయన మొదట చేయించినది రెండు గంటలకొకసారి పక్క మార్పించడం. రాత్రిళ్ళు కూడా వంతులు వేసుకుని మీరు అదే చేయండి. మంచి పరుపు, శుభ్రంగా మూత్రం తీసే ఏర్పాటు, కీళ్ళు బిగియకుండా రోజూ వ్యాయామం చేయించే మనిషి: మీ డబ్బుకు ఇవే ఫలం. పుండు పడితే వచ్చే బలం కూడా ఆగిపోతుంది.

మిగతా పాఠకులకు ఒక్క మాట. చెట్టుమీదనుంచి పడ్డవాణ్ణి రెక్కలూ కాళ్ళూ పట్టి లేపకండి, కూర్చోబెట్టి నీళ్ళు తాగించకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో వుంచి, 108 వచ్చేదాకా కదలనీయకండి. గీతవారికోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరున పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట్లో వుంటే మూలన పెట్టక వాడించండి.

అమ్మా, తమ్ముడితో "లేస్తావులే" అని ఉత్తమాట అనకండి. "లేవవు" అనీ అనకండి. "ఈవేళ మణికట్టు ఎంత లేచిందో చూద్దాం" అనండి. మూడు నెలల తరువాత ఏమైందో నాకు వ్రాయండి.